ఇల్లు లేని ముఖం

అక్క పోయాక సమాధి రాయి మీద అతికించడానికి ఫొటో అడిగారు. ఇల్లంతా వెతికితే రెండే దొరికాయి. ఒకటి ఆధార్ కార్డు మీద, ఒకటి ఆస్పత్రి గుర్తింపు కార్డు మీద. నా ఫోన్‌లో ఉన్నవాటిలో ఆమె ఎవరి భుజం వెనకో సగం కనిపిస్తుంది, లేదంటే ముఖానికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఉంటుంది. ఫొటో అంటే ఆమెకు విసుగు. గుమ్మలక్ష్మీపురంలో స్టూడియో అతను ఆధార్ ఫొటోనే పెద్దది చేసి చూపించాడు. పెద్దదవుతున్నకొద్దీ అందులో మనిషి తగ్గిపోయింది. కళ్ళు బూడిదరంగు గళ్ళుగా విడిపోయాయి.

"ఇంతకన్నా రాదు మేడం. అందులో ఉన్నదే అంత," అన్నాడు.

రాయి మీద పేరు మాత్రం చెక్కించాను.

అక్క ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నర్సు. టీకాల పెట్టె భుజానికి తగిలించుకుని కొండల మీది ఊళ్ళకు నడిచి వెళ్ళేది. నేను జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతాను. ఇద్దరమూ పెళ్ళి చేసుకోలేదు. ఊరి చివర ఒక పెంకుటిల్లు అద్దెకు తీసుకుని కలిసి ఉన్నాం. వానలు మొదలైన రోజుల్లో ఒక ఉదయం గుండెలో నొప్పి అంది. పార్వతీపురం వెళ్ళే దారిలో అంబులెన్సులోనే పోయింది. చర్చిలో జరిగిన కూడికలో ఆమెను దీపంతో పోల్చారు, సువాసనతో పోల్చారు. అక్క దీపం కాదు. సాయంత్రానికి కాళ్ళు వాచి, బకెట్లో వేణ్ణీళ్ళు పోసుకుని, పాదాలు అందులో పెట్టి, పేపరు చదువుకునే మనిషి.

ఒకరోజు పళ్ళు తోముకుంటూ, అక్క కనుబొమల్లో ఏది కొంచెం పైకి ఉండేదా అని గుర్తు చేసుకోబోయాను. రాలేదు. రెండింటికీ తేడా ఉండేదని తెలుసు, ఆ తేడా మాత్రం కళ్ళకు కట్టలేదు. ముఖానికి బదులు ముఖం గురించి నాకు తెలిసిన సంగతులు వచ్చాయి. ముక్కు మీద కళ్ళజోడు నొక్కిన గుర్తులు. ముందు పళ్ళ మధ్య సన్నని సందు. చెంప మీద అమ్మవారు పోసిన మచ్చ. విడివిడిగా అన్నీ ఉన్నాయి. కలిపితే అక్క కాలేదు. నేను అక్కడే బ్రష్ పట్టుకుని నిలబడిపోయాను. మనిషి పోతుందని తెలుసు. వెనకాలే ముఖం కూడా పోతుందని, అదీ ఇంత త్వరగా పోతుందని తెలియదు. మిగిలినదాన్ని కాగితం మీదికి ఎక్కించుకోకపోతే అదీ ఉండదని భయం వేసింది. నేను బొమ్మలు నేర్చుకోవడం మొదలుపెట్టింది అందుకు. కళ మీద ఇష్టంతో కాదు.

పుస్తకాల కొట్టులో మెత్తవీ గట్టివీ కొన్ని పెన్సిళ్ళు, తెల్ల కాగితాల కట్ట ఒకటి కొన్నాను. పిల్లల కోసమా అని కొట్టతను అడిగితే అవునన్నాను.

ఫోన్‌లో ఒకాయన నేర్పుతాడు. ఆయన ముఖం కనిపించదు. కాగితం, చెయ్యి, గొంతు, అంతే. పెన్సిల్‌ను రాసేటప్పటిలా పట్టుకోవద్దంటాడు. వేళ్ళతో గీస్తే గీత చిన్నదవుతుంది, మణికట్టుతో గీస్తే వంగుతుంది, భుజం నుంచి చెయ్యంతా కదలాలి. జీవితమంతా అక్షరాలు రాసిన చెయ్యి నాది. దానికి భుజం అనేది ఒకటుందని తెలియదు. రెండు చుక్కలు పెట్టుకుని వాటి మధ్య గీత గీయాలి. గీస్తున్నప్పుడు పెన్సిల్ మొనను చూడకూడదు, చేరవలసిన చుక్కను చూడాలి. నేను మొననే చూసేదాన్ని. నా గీతలు బాగానే బయలుదేరి, చివరికి వచ్చేసరికి కిందికి జారిపోయేవి.

సున్నా గీసేముందు పెన్సిల్ కాగితానికి తగలకుండా గాలిలో కొన్ని చుట్లు తిప్పాలి. చేతికి దారి తెలిశాక, తిప్పడం ఆపకుండా మెల్లగా దించాలి. గాలిలో నాకు చక్కని సున్నాలు వచ్చేవి. కాగితం తగలగానే చెడిపోయేవి. కాలేజీ నుంచి వచ్చాక, అక్క గదిలో కిటికీ దగ్గర బల్ల ముందు కూర్చుని, వెలుతురు ఉన్నంతసేపూ ఇదే పని. బయటి నుంచి చూసేవాళ్ళకు ఒక ఆడమనిషి ఖాళీ కాగితం మీద చెయ్యి తిప్పుతూ కూర్చున్నట్టు ఉండేదేమో.

తర్వాత స్టీలు గ్లాసు. గ్లాసు మూతి గుండ్రంగా ఉంటుందని నాకు తెలుసు కనుక గుండ్రంగానే గీశాను. బల్ల మీద పెట్టిన గ్లాసు మూతి మన కంటికి గుండ్రంగా ఉండదు, అణిచిన సున్నాలా ఉంటుంది. తెలిసినదాన్ని గీయకండి, కనిపిస్తున్నదాన్ని గీయండి అంటాడు ఆ గొంతు. సరే అనుకున్నాను. కనిపించకుండా పోయిన మనిషిని గీయవలసినవాళ్ళు ఏం చేయాలో ఆయన పాఠాల్లో ఎక్కడా లేదు.

అయినా కొన్ని వచ్చాయి. అక్క చెప్పుల జత ఇంకా గుమ్మం పక్కనే ఉంది. మడమ దగ్గర బయటి వైపు అరిగిపోయిన ఆ చెప్పులను గీస్తే, అవి ఆమె చెప్పులేనని తెలిసేంతగా వచ్చాయి. చెవి వచ్చింది. ఫోన్‌లో ఆమె తల తిప్పేసుకున్న ఫొటోలన్నింటిలోనూ చెవి స్పష్టంగా ఉంది. అన్నిటికన్నా చేతులు బాగా వచ్చాయి. ముఖం దాచుకోవడానికి కెమెరాకు అడ్డం పెట్టిన చేతులు నా దగ్గర చాలా ఉన్నాయి. వేళ్ళ మధ్య ఖాళీల ఆకారాన్ని ముందు చూడమని, వేళ్ళు వాటంతట అవే వస్తాయని ఫోన్‌లో ఆయన చెప్పాడు. అలాగే చేశాను. మందు సీసా పగిలి బొటనవేలు కింద తెగిన గీత కూడా సరైన చోట పడింది. ఆ కాగితం ముందు చాలాసేపు కూర్చున్నాను.

ముఖం అలా రాలేదు. ఆధార్ కార్డూ ఆస్పత్రి కార్డూ ముందు పెట్టుకున్నాను గానీ, ఆ గోరంత మసక బొమ్మల్లో గీయడానికి అక్క లేదు. తెలియనివాళ్ళు కళ్ళను తల పైభాగంలో గీస్తారట. నిజానికి కళ్ళు తలకు సరిగ్గా మధ్యలో ఉంటాయి. పైన జుట్టు, నుదురు అంత చోటు తీసుకుంటాయని మనకు తోచదు. పాఠం విన్నాక కూడా నా చెయ్యి కళ్ళను పైకే తీసుకెళ్ళేది. కొలతలు తెలియడానికి అద్దం ముందు పెట్టుకుని నా ముఖం చూసుకుంటూ గీశాను. అదే నేను చేసిన పొరపాటు. గడ్డం నాది వచ్చింది. ముక్కు ఎవరిదో వచ్చింది. పళ్ళ మధ్య సందు, చెంప మీద మచ్చ గుర్తుగా పెట్టాను. అవి పెట్టాక అది మరీ అక్క కాకుండా పోయింది.

వానాకాలం చెమ్మకు కాగితాలు వంకర్లు తిరిగిపోతున్నాయని ముందు గదిలో తాడు కట్టి, బట్టల క్లిప్పులతో వేలాడదీశాను.

పక్కింటామె సవర తెగ మనిషి. సంతలో అల్లం, పసుపు, కొండచీపుర్లు అమ్ముతుంది. చర్చిలో మా వెనక వరసలో కూర్చుంటుంది. అక్క ఉన్నప్పుడు అడగకుండా లోపలికి వచ్చి, వంటగదిలో తనే టీ పెట్టుకుని, మాకూ పోసేది. ఆరోజు కొంగులో అల్లం తెచ్చి గుమ్మంలో ఆగిపోయింది.

"ఓలమ్మ! ఏటి టీచరమ్మా, ఏటి సేత్తన్నావు?"

"బొమ్మలు నేర్చుకుంటున్నాను. రా లోపలికి."

"సెవులేటి, సేతులేటి, అలా ఏలాడగట్టేసినావు. మటన్ కొట్టులాగున్నాది."

నాకు నవ్వొచ్చింది. ఆమె కూడా నవ్వింది గానీ గడప దాటలేదు.

"ఎవులివి?" అంది.

"అక్కవి."

నవ్వు ఆగింది. అల్లం గడప పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుంది. కాగితాలను ఒక్కొక్కటే చూసింది.

"మరి ఇల్లేది?"

"ఏ ఇల్లు?"

"ముందల ఇల్లు గియ్యాల గదా. ఇల్లు నేకుండా మడిసిని ఎవులు గీత్తారు? ఎక్కడుంటాది మరి? తాడు మీద ఉంటాదేటి, లంగా జాకెట్టులాగ?"

ఆమె దేని గురించి అంటోందో నాకు కొంత తెలుసు. సవర ఇళ్ళలో గోడ మీద తెల్లని బొమ్మలు ఉంటాయి. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే, చనిపోయినవాళ్ళు చోటు అడుగుతున్నారని ఎజ్జోడు చెబుతాడు. ఎజ్జోడంటే వాళ్ళ పూజారీ వైద్యుడూ. అప్పుడు గోడకు ఎర్రమన్ను అలికి, బియ్యప్పిండి నీళ్ళలో కలిపి, వెదురు పుల్లతో గీస్తారు. ముందు నాలుగు వైపులా గీత. అది ఇల్లు. ఆ తర్వాతే లోపల మనుషులు. గీయడం పూర్తయ్యాక, పోయినవాళ్ళు వచ్చి అందులో ఉంటారని నమ్మకం. ఆ బొమ్మలు అచ్చేసిన సంచులు విశాఖపట్నంలో అమ్ముతుంటే చూశాను. వాటి గురించి చదివాను కూడా.

"మీరు మానేశారు కదా అవన్నీ," అన్నాను.

"మానేసినాం. బాప్తీసం అయిననాడే ఒగ్గేసినాం. గోడకి సున్నం కొట్టేసినాం. నాను నమ్మనమ్మా అయ్యన్నీ." కాసేపు తాడు వైపు చూసింది. "గాని లోపటికి రాను. టీ నువ్వే ఒట్టుకురా. ఇక్కడ అరుగు మీద తాగుతాను."

అప్పటినుంచి ఆమె మా ఇంట్లోకి రాలేదు. వస్తే అరుగు మీద కూర్చునేది.

కొన్నాళ్ళకు ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి పడుకున్నాను. వాన పెంకుల మీద సన్నగా పడుతోంది. అక్క ఊళ్ళు తిరిగి వచ్చింది. టీకాల పెట్టె దించి, చెప్పులు విప్పి, ఎప్పటిలాగే ఒక చేత్తో గోడ పట్టుకుని ఒంగి పాదం నొక్కుకుంది. ఆ వీపు అక్కదే. ఆ ఒంగడం అక్కదే. నాకు ఏడుపొచ్చేంత సంతోషమైంది. "జోరీగలు తినేశాయే ఈ రోజు," అంటూ ఇటు తిరిగింది. ముఖం నేను గీసినది. కళ్ళు కొంచెం పైన ఉన్నాయి. గడ్డం నాది. పెన్సిల్‌తో నేను పెట్టిన మచ్చ, పెట్టిన చోటే ఉంది.

లేచి కూర్చున్నాను. ముందు గదిలో కాగితాలు కదులుతున్న చప్పుడు వస్తోంది. గాలికే. కిటికీ తీసి ఉంది. నాకు అందులో సందేహం లేదు. అయినా లేచి వెళ్ళి చూడటానికి కొంత సమయం పట్టింది.

కలలు వస్తుంటాయి, పోతుంటాయి. ఇది పోలేదు. ఆ తర్వాత అక్కను ఎక్కడ తలుచుకున్నా ఆ ముఖమే రావడం మొదలైంది. చిన్నప్పుడు హాస్టల్ మెట్ల మీద నా జడ వేస్తున్న అక్కకు ఆ ముఖం. మొదటి జీతంతో నాకు వాచీ కొనిచ్చిన అక్కకు ఆ ముఖం. అంబులెన్సులో నా చెయ్యి పట్టుకుని, ఇంకా ఎంత దూరమని అడిగిన అక్కకు కూడా. కొద్దోగొప్పో మిగిలినదాన్ని కాపాడుకోవడానికని నేను మొదలుపెట్టిన పని, ఆ మిగిలినదాని మీదే కూర్చుంది. ఇంకా గీస్తే బాగవుతుందేమో అని రోజూ గీశాను. గీసినకొద్దీ ఆ ముఖం నా చేతికి బాగా అలవాటైంది. చివరికి చూడకుండా గీయగలిగాను.

పక్కింటామెకు అరుగు మీద కూర్చుని ఈ సంగతి చెప్పాను. ఇంకెవరికి చెప్పాలో తెలియలేదు. ఆమె టీ గ్లాసు కింద పెట్టింది.

"మా అత్తకాడికి ఒత్తావేటి?" అంది. "ఆవిడింకా గోడ ఉంచుకున్నాది. చర్చికి రమ్మంటే, అక్కడ మీ మామకి చోటు నేదు, నానెలాగొత్తాను అంటాది."

తర్వాతి ఆదివారం ప్రార్థన అయ్యాక ఇద్దరం ఆటోలో వెళ్ళి, రోడ్డు ఆగిన చోట దిగి, జీడిమామిడి తోటల మధ్య నుంచి పైకి నడిచాం. ముసలావిడ వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. నడుము బాగా ఒంగిపోయింది. కోడలితో మొదట సవరలో ఏదో అని, నన్ను చూసి తెలుగులోకి మారింది.

"ఎవులే ఈవిడ?"

"నర్సమ్మ సెల్లి."

"సెల్లా? గుంటనుకున్నాను. ముసలైపోనాదే."

"నువ్వు మరి గుంటవేటి?" అంది కోడలు.

"మీ అక్క నాకు సూదేసింది," అంది ముసలావిడ నాతో. "ఎంత పొడుగు మడిసి! నవ్విందంటే ఆ గెడ్డ అవతలకి ఇనబడేది," అంటూ కింద పారుతున్న వాగు వైపు చూపించింది.

అక్క నాకన్నా పొట్టి. గట్టిగా నవ్వగా నేనెప్పుడూ వినలేదు. ఆ మాట చెబితే, "ఆవిడికిప్పుడు అందరూ పొడుగే," అని కోడలు నా చెవిలో అంది. పొడుగు సంగతి సరే. నవ్వు సంగతి మాత్రం ఇప్పటికీ నాకు తెలియదు.

గోడ లోపల, పొయ్యికి ఎదురుగా ఉంది. పొగకు ఎర్రమన్ను నల్లబడింది. పెద్ద చట్రం, దాని అంచు పొడవునా ఏటవాలు గీతలు. లోపల మనుషులు వరసలుగా చేతులు పట్టుకుని ఉన్నారు. మొనలు కలిసిన రెండు ముక్కోణాలు, పైన ఒక చుక్క, అదే మనిషి. జింక ఉంది, జీలుగు కల్లు కుండ ఉంది, గొడుగు ఉంది. ఒక మూల మోటారు సైకిల్ మీద ఒకడు.

"ఆడే నా మొగుడు," అంది చింతపండు చేటతో మా వెనకే వచ్చి కూర్చున్న ముసలావిడ. "బండి గావాలన్నాడు. బతికున్నప్పుడు సైకిలు తొక్కడమే రాదు సచ్చినోడికి."

"ముఖాలు లేవు," అన్నాను.

"మొకం దేనికి?"

"ఎవరు ఎవరో తెలియడానికి."

"ఎవులికి తెలియాల? ఆడెవుడో ఆడికి తెలుసు గదా."

అప్పుడు నా సంగతి చెప్పాను. అక్కను గీశానని, సరిగా రాలేదని, ఇప్పుడు అక్కకు బదులు ఆ ముఖమే వస్తోందని. కోడలు కొంత సవరలోకి మార్చి చెప్పింది. ముసలావిడ గింజలు తీయడం ఆపలేదు.

"ఐతే ఆవిడ మీ అక్క కాదు," అంది.

"మరి ఎవరు?"

"నాకేటి తెలుసు? నువ్వు గదా పిలిసినావు." తర్వాత కోడలి వైపు తిరిగి, మోకాలి నొప్పికి మాత్రలు తెచ్చావా లేదా అని అడిగింది. కోడలు మర్చిపోయింది. ఇద్దరూ దాని మీద చాలాసేపు తగువులాడుకున్నారు.

ఇంటికి వచ్చాక తాడు మీది కాగితాలు దించాను. చేతులు, చెవులు, చెప్పులు అక్కవే. వాటిని ఆమె బట్టల బీరువాలో పెట్టాను. ముఖాలను పొయ్యిలో వేసేద్దామనుకున్నాను. ఒకదాన్ని మంట దాకా తీసుకెళ్ళి, వేయలేకపోయాను. అది అక్క కాదు, అయినా ఆ మనిషిని కాల్చడానికి నాకు చేతులు రాలేదు. ఎంత తెలివితక్కువగా ఉన్నా జరిగింది అదే. ఆ కాగితాన్ని బల్ల మీద పరిచి, ముఖం చుట్టూ నాలుగు మూలలా చుక్కలు పెట్టాను. మొన వైపు చూడకుండా, చేరవలసిన చుక్కను చూస్తూ, భుజం నుంచి గీశాను. ఒక్కటీ జారలేదు. లోపల ఇంకో వరస గీసి, రెండింటి మధ్యా ఏటవాలు గీతలు నింపాను. గోడకు అంటించాను. మిగిలిన ముఖాలను నాలుగు మడతలు పెట్టి దాని వెనకే ఉంచాను.

అక్క ముఖం తిరిగి వచ్చిందని రాయగలిగితే బాగుండేది. రాలేదు. అయితే నేను గీసిన ఆ ముఖం జ్ఞాపకాల్లోంచి వెనక్కి తగ్గింది. హాస్టల్ మెట్ల మీద ఇప్పుడు నా జడ లాగుతున్న వేళ్ళున్నాయి, పైన ఏమీ లేదు. అంబులెన్సులో నా చేతిలో ఒక చెయ్యి ఉంది, పైన ఏమీ లేదు. అది అక్క అని నాకు తెలుసు. ముఖాన్ని గీయడం మానేశాను. సున్నాలు, గీతలు మాత్రం రోజూ గీస్తాను. ఎందుకని అడిగితే చెప్పలేను.

తాడు తీసేసిన మర్నాడో ఆ తర్వాతో పక్కింటామె వచ్చింది. గుమ్మంలో ఆగి, గది చుట్టూ చూసి, లోపలికి వచ్చింది. గోడ దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"ఈవిడెవులు?"

"తెలియదు."

"ఇల్లు బాగా గీసినావు." ఇంకొంచెం దగ్గరికి వంగి చూసింది. "మరి ఏటైనా ఎట్టినావా?"

"ఏం పెట్టాలి?"

"తినడానికి. ఇంట్లో కూకోబెట్టేసి ఒట్టినే ఉంచేత్తావేటి మడిసిని?"

"నువ్వు నమ్మవు కదా అవన్నీ."

"నమ్మను," అంది. "ఆకలి నాక్కాదు గదా."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. పొయ్యి మీద అన్నం ఎంత ఉందో చూడటానికి వెళ్ళాను.